సాక్చిలో 'రావు' ఇంటిపేరు ఎలా అయింది?

జంషెడ్‌పూర్‌లోని సాక్చి ప్రాంతంలో తెలుగు కుటుంబాల పిల్లలను ఇంటిపేరు అడిగితే 'రావు' అనే జవాబు తరచుగా వినిపిస్తుంది. మరి వీరంతా ఒకే వంశంవారా? కాదు. ఒకరికొకరు బంధువులు కూడా కాకపోవచ్చు.

ముందుగా ఆ మాట సంగతి చూద్దాం. సంస్కృతంలోని 'రాజన్' ప్రాకృతంలో 'రాయ' అయింది. దాని నుంచే మనకు రాయలు, రావు అనే మాటలు వచ్చాయి. తొలుత అది పాలకుల బిరుదు. తర్వాత మగవారి పేర్ల చివర గౌరవపదంగా చేరి, అప్పారావు, సూర్యారావు వంటి పేర్లలో భాగమైపోయింది. తెలుగువారి అసలు ఇంటిపేరు ముందు వస్తుంది. సినీనటుడు రావు గోపాలరావు పేరు గుర్తుందా? అందులో మొదటి రావు ఇంటిపేరు, చివరి రావు పేరులోని తోక! అటువంటి ఇళ్లు కొద్ది మాత్రమే.

ఇక సాక్చికి వద్దాం. సువర్ణరేఖ, ఖర్కాయి నదుల దగ్గర ఉన్న ఈ చిన్న గ్రామాన్ని 1907లో టాటా ఉక్కు కర్మాగారానికి ఎంపిక చేశారు. 1912లో ఉక్కు ఉత్పత్తి మొదలైంది. 1919లో ఊరికి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టారు. పని వెతుక్కుంటూ నేటి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి ఎందరో రైలెక్కి వచ్చారు.

ఇక్కడి దరఖాస్తుల్లో ముందు పేరు, చివర ఇంటిపేరు రాయాలి. అప్పారావు అనే కార్మికుడు ఉన్నాడనుకోండి. అతని ఇంటిపేరు పొడి అక్షరంగా మిగులుతుంది, చివరనున్న 'రావు' ఇంటిపేరు గడిలో పడుతుంది. కొడుకు బడిలో 'రవి రావు' అవుతాడు. కూతురు కూడా 'రావు' అవుతుంది, అది మగవారి గౌరవపదమైనా సరే! ప్రధానమంత్రిగా (1991-96) ఉన్న పాములపర్తి వేంకట నరసింహారావును విదేశీ పత్రికలు 'రావు' అనే పిలిచాయి.

ఫ్రాన్సులో 1539లో రాజు బాప్తిస్మాల నమోదును తప్పనిసరి చేశాక, ఇంటిపేర్లు తరతరాలకు స్థిరపడుతూ వచ్చాయి. నేడు అక్కడ అత్యధికంగా కనిపించే ఇంటిపేరు మార్టిన్, ఒకప్పుడు మనిషి పేరే. 1804లో ఫ్రెంచివారి నుంచి స్వాతంత్ర్యం పొందిన హైతీలోనూ జాన్, పియేర్, జోసెఫ్ వంటి మనుషుల పేర్లే ఇంటిపేర్లయ్యాయి. అయితే రెండింటినీ ఒకే గాట కట్టకూడదు. హైతీ ప్రజల పూర్వీకులను బానిసలుగా పట్టి తెచ్చి, వారి సొంత పేర్లను లాక్కున్నారు. సాక్చిలో ఆ పని చేసింది కేవలం ఒక దరఖాస్తు గడి.

పోయినది మాత్రం చిన్నదేమీ కాదు. విజయనగరంలో జీవించిన గురజాడ అప్పారావు (1862-1915) పూర్వీకులు కృష్ణా జిల్లా గురజాడ గ్రామంవారని ఆయన ఇంటిపేరే చెబుతుంది. 'అప్పా రావు' అని రాస్తే ఆ వలస జాడ చెరిగిపోతుంది. 2011 జనగణనలో తెలుగు మాతృభాషగా చెప్పినవారు 8 కోట్ల 11 లక్షల పైచిలుకు. అయితే జనగణన భాషను లెక్కిస్తుందే తప్ప ఇంటిపేర్లను కాదు. ఏ ఊరివారు ఎందరు సాక్చి చేరారో ఆ అంకె చెప్పదు. 'రావు' అసలే చెప్పదు.

అందుకే పెళ్లిసంబంధం మాట్లాడేటప్పుడు సాక్చి పెద్దలు 'రావు' అనగానే ఊరుకోరు. "అసలు ఇంటిపేరు ఏమిటి నాయనా?" అని మళ్లీ అడుగుతారు.