ఆపరేషన్‌కు ముందు, ఆపరేషన్ తర్వాత

శస్త్రచికిత్సకు శరీరాన్ని సిద్ధం చేసుకోవడం, కోత మాని మామూలు పనుల్లో పడేదాకా జాగ్రత్తగా ఉండడం వైద్యశాస్త్రం దృష్టిలో ఒకే పనికి రెండు కొసలు. ఆపరేషన్ బల్ల మీద గడిచేది గంటో రెండు గంటలో. దానికి ముందు మూడు నాలుగు వారాలు, తర్వాత నెలా నెలన్నర మాత్రం రోగి చేతిలో, ఇంటివాళ్ల చేతిలో ఉంటాయి. మంచి సర్జన్ కోసం ఊరంతా వాకబు చేసే కుటుంబాలు ఈ వారాల సంగతి పెద్దగా పట్టించుకోవు. ఈ వ్యాసం హైదరాబాదు తూర్పు వైపు, దిల్‌సుఖ్‌నగర్ నుంచి బాటసింగారం దాకా ఉన్న ప్రాంతాన్ని దృష్టిలో పెట్టుకొని ఆ వారాల గురించి చెబుతుంది.

పండ్ల మార్కెట్, ఆసుపత్రి

బాటసింగారం రంగారెడ్డి జిల్లా అబ్దుల్లాపూర్‌మెట్ మండలంలోని ఊరు. ఎల్బీనగర్, హయత్‌నగర్ మీదుగా విజయవాడ వెళ్లే 65వ నంబరు జాతీయ రహదారి మీద, ఔటర్ రింగ్ రోడ్డు దాటాక వస్తుంది. కొత్తపేట దగ్గర గడ్డిఅన్నారంలో దశాబ్దాల పాటు నడిచిన పండ్ల మార్కెట్ 2021–22లో ఇక్కడికి తరలింది. ఖాళీ అయిన స్థలంలో వెయ్యి పడకల ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రికి, అంటే ఎల్బీనగర్ టిమ్స్‌కు, 2022 ఏప్రిల్ 26న శంకుస్థాపన జరిగింది. నల్లగొండ బత్తాయిలు దిగిన నేల మీద ఆసుపత్రి, ఆసుపత్రికి పట్టుకెళ్లే బత్తాయిలేమో ఊరి బయట. కాకతాళీయమే అయినా ఈ వ్యాసానికి బాగా అతికింది, ఎందుకో పథ్యం దగ్గర తెలుస్తుంది.

ఈ వైపు వాళ్లకు వనస్థలిపురం ప్రభుత్వ ఏరియా ఆసుపత్రి, ఎల్బీనగర్‌లో కామినేని, చుట్టుపక్కల లెక్కలేనన్ని ప్రైవేటు నర్సింగ్ హోములు ఉన్నాయి. పెద్ద కేసులు ఉస్మానియాకో నిమ్స్‌కో వెళ్తాయి. రహదారి మీద ప్రమాదం జరిగి 108లో వచ్చినవాళ్లకు సన్నద్ధత అన్న మాటే ఉండదు. ఇక్కడ చెప్పేదంతా తేదీ ముందే ఖరారైన ఆపరేషన్ల గురించి: హెర్నియా, పిత్తాశయంలో రాళ్లు, గర్భసంచి, మోకాలి మార్పిడి వంటివి.

మత్తు డాక్టరు, ఆయన అడిగే ప్రశ్నలు

ఆపరేషన్ అంటే జనం సర్జన్ పేరు అడుగుతారు, మత్తు డాక్టరు పేరు ఎవరూ అడగరు. మత్తు చరిత్రలో హైదరాబాదుకు పెద్ద స్థానమే ఉంది. నిజాం రాజ్యంలో రెసిడెన్సీ సర్జన్‌గా, వైద్య పాఠశాల అధిపతిగా పనిచేసిన ఎడ్వర్డ్ లారీ, క్లోరోఫాం ఇచ్చేటప్పుడు శ్వాసను కనిపెట్టి ఉంటే చాలు, గుండెకు భయం లేదని నమ్మాడు. దాన్ని రుజువు చేయడానికి ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఖర్చుతో 1888లో ఒకటి, 1889లో మరొకటి, రెండు క్లోరోఫాం కమిషన్లు ఇక్కడ పనిచేశాయి. రెండోదానికి లండన్‌లోని లాన్సెట్ పత్రిక తన ప్రతినిధిగా లాడర్ బ్రంటన్‌ను పంపింది. కుక్కలు, కోతులు, మేకల మీద ప్రయోగాలు చేసి, ముందు ఆగేది ఊపిరే అని తేల్చారు. ఆ తీర్పు మీద చాలాకాలం వాదం నడిచింది. క్లోరోఫాం గుండె లయను చెదరగొట్టి నేరుగా ప్రాణం తీయగలదని 1911లో లండన్‌లో గుడ్‌మన్ లెవీ చూపించాడు. అంటే లారీ సగం పొరపాటు పడ్డాడు. కానీ శ్వాస మీద చూపు తిప్పుకోకూడదన్న ఆయన పట్టుదల తప్పేమీ కాదు. ఈ పాఠశాలలోనే చదివి క్లోరోఫాం ఇచ్చిన రూపాబాయి ఫర్దూన్జీని ప్రపంచంలో తొలి మహిళా మత్తు వైద్యురాలిగా చెబుతారు.

నేటి మత్తు డాక్టరు ఆపరేషన్‌కు ముందే రోగిని చూస్తారు. ఆసుపత్రి భాషలో దీన్ని పీఏసీ అంటారు, జనం భాషలో ఫిట్‌నెస్. నోరు ఎంత తెరుచుకుంటుంది, కదిలే పళ్లు, కట్టుడు పళ్లు ఉన్నాయా, రాత్రి గురక వస్తుందా, ఆయాసం ఉందా, మునుపు ఏ ఆపరేషన్ జరిగింది, అప్పుడు మత్తుతో ఇబ్బంది వచ్చిందా, ఇంట్లో ఇంకెవరికైనా వచ్చిందా అని అడుగుతారు. పక్కనున్న బంధువులు మొహమాటంతో దాచేవి ఇక్కడ ప్రాణం మీదికి తెస్తాయి. రోజూ మందు తాగే అలవాటు వాటిలో మొదటిది. తాగుడు ఒక్కసారిగా ఆగితే రెండు మూడు రోజుల్లో వణుకు, కలవరింతలు, ఫిట్లు రావచ్చు. ఆ సంగతి ముందే తెలిస్తే వార్డులో సిద్ధంగా ఉంటారు.

మందులు, బీడీ, చక్కెర

పొగ మానడం రోగి తనంతట తాను చేయగల అతి పెద్ద పని. ఆపరేషన్‌కు నాలుగు వారాల ముందు మానితే ఊపిరితిత్తుల చిక్కులు, గాయం చెడడం తగ్గుతాయని, ఆపై మానిన ప్రతి వారమూ ఫలితాన్ని మెరుగుపరుస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ప్రకటించింది. బీడీ, చుట్ట, సిగరెట్ మూడూ ఒకటే.

వేసుకునే బిళ్ళలన్నీ, చీటీతో సహా, ఒక సంచిలో వేసి తీసుకెళ్లడం మంచి పద్ధతి. రక్తం పలుచన చేసే క్లోపిడోగ్రెల్ వంటివాటిని సాధారణంగా ఐదారు రోజుల ముందు ఆపిస్తారు. గుండెలో స్టెంట్ ఉన్నవాళ్లు గుండె డాక్టరును అడగకుండా ఆపితే స్టెంట్ మూసుకుపోయే ప్రమాదం ఉంది. షుగరుకు వాడే డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ బిళ్ళలను మూడు రోజుల ముందు ఆపాలి. లేకుంటే రక్తంలో చక్కెర మామూలుగానే కనిపిస్తూ ఆమ్లం పెరిగిపోవచ్చు. బీపీ బిళ్ళల్లో కొన్ని ఆ పొద్దున గుక్కెడు నీళ్లతో వేసుకోమంటారు, కొన్ని వద్దంటారు. నాటు మందులు, ఆయుర్వేద చూర్ణాలు, మోకాళ్ల నొప్పులకు మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే బిళ్ళలు కూడా చెప్పాల్సినవే.

ఖాళీ కడుపు ఎంతసేపు?

మత్తులో దగ్గు, మింగుడు పనిచేయవు. కడుపులో ఉన్నది పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి దిగితే ప్రాణాంతకం. కాన్పుల్లో ఇలా జరిగిన కేసులను అమెరికాలో కర్టిస్ మెండెల్సన్ 1946లో వివరించాక ‘రాత్రి పన్నెండు దాటితే నోట్లో ఏమీ పడకూడదు’ అన్న నియమం లోకమంతా పాకింది. ఇప్పుడు లెక్క మారింది. తేలికపాటి ఆహారం, పాలు ఆరు గంటల ముందు వరకు, వేపుళ్లు, మాంసం, బిర్యానీ అయితే ఎనిమిది గంటల ముందు వరకు, మంచినీళ్లు, పాలు లేని టీ వంటివి రెండు గంటల ముందు వరకు తీసుకోవచ్చు. తల్లిపాలకు నాలుగు గంటలు. మజ్జిగ, రాగి జావ, గుజ్జున్న బత్తాయి రసం నీళ్ల లెక్కలోకి రావు. చాలామంది బోల్తా పడేది ఇక్కడే. గర్భిణులకు, కడుపు ఆలస్యంగా ఖాళీ అయ్యే షుగరు రోగులకు, బరువు తగ్గే ఇంజెక్షన్లు వాడేవాళ్లకు ఈ గంటలు మారతాయి.

ఆచరణలో జరిగేది వేరు. పది గంటలకని చెప్పిన ఆపరేషన్ మూడింటికి జరుగుతుంది, రాత్రి ఎనిమిదింటికి తిన్న మనిషి నాలుక పిడచకట్టుకొని ఎదురుచూస్తుంటాడు. ఆలస్యమని తెలిసినప్పుడు ‘నీళ్లు తాగొచ్చా?’ అని నర్సును అడగడం రోగి హక్కు. అడగకుండా తాగడం మాత్రం తప్పు.

నగలు, కాగితాలు, మంచిరోజు

పుస్తెలతాడు, ముక్కుపుడక, మట్టెలు, గాజులు తీయాల్సిందే. రక్తం కారకుండా కరెంటుతో మాడ్చే పరికరం వాడినప్పుడు లోహం తగిలిన చోట కాలవచ్చు, వాచిన వేళ్లకు ఉంగరాలు బిగుసుకోవచ్చు. పుస్తెలు తీయడానికి మనసొప్పని వాళ్లు దారానికి పసుపు కొమ్ము కట్టుకోవడం మన ఇళ్లలో పాత ఉపాయం. థియేటరు నర్సులకు దాంతో పేచీ లేదు, మెడ దగ్గర ఆపరేషన్ అయితే తప్ప. గోళ్ల రంగు, చిక్కటి గోరింటాకు వేలికి పెట్టే ఆక్సిజన్ మీటరుకు అడ్డొస్తాయి. వెంట్రుకలు ఇంట్లో బ్లేడుతో గీసుకోకూడదు. కంటికి కనిపించని గాట్లలో సూక్ష్మజీవులు చేరతాయి. ముందురోజు సబ్బుతో స్నానం చేస్తే చాలు, మిగతాది ఆసుపత్రి వాళ్లు క్లిప్పరుతో చూసుకుంటారు. అమావాస్య, మంగళవారం తప్పించుకోవడం వల్ల వైద్యపరంగా నష్టమేమీ లేదు, జబ్బు ఆగేదైతే.

డబ్బు సంగతి. ఉమ్మడి రాష్ట్రంలో 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైన ఆరోగ్యశ్రీ పరిమితిని తెలంగాణ ప్రభుత్వం 2023 డిసెంబరు 9 నుంచి కుటుంబానికి ఏడాదికి 10 లక్షల రూపాయలు చేసింది. ముందస్తు అనుమతి వచ్చాకే తేదీ ఇస్తారు కాబట్టి ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను మొదటి రోజే కలవాలి.

థియేటరులో పేరేమిటి, ఏ ఆపరేషన్, ఏ వైపు అని ఇద్దరు ముగ్గురు మళ్లీ మళ్లీ అడిగితే విసుక్కోకూడదు. అది 2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తెచ్చిన 19 అంశాల భద్రతా పట్టిక. న్యూఢిల్లీతో సహా ఎనిమిది నగరాల ఆసుపత్రుల్లో పరీక్షించినప్పుడు ఆపరేషన్ల తర్వాతి మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయని 2009లో ప్రచురించారు.

పథ్యం

కోలుకోవడంలో మనవాళ్ల అసలు చిక్కు ఇదే. ‘పప్పు తింటే చీము పడుతుంది’ అన్న మాట వినని తెలుగు ఇల్లు ఉండదు. పప్పు, గుడ్డు, చేప, వంకాయ, గోంగూర మాన్పించి నెలరోజులు చారన్నం, బ్రెడ్డు, ఇడ్లీ పెడతారు. చీము సూక్ష్మజీవుల వల్ల పడుతుంది, కందిపప్పు వల్ల కాదు. గాయం పూడడానికి కావాల్సిన ముడిసరుకు ప్రోటీనే. ఆరోగ్యవంతుడికి రోజుకు కిలో బరువుకు 0.83 గ్రాములు చాలని తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ, ఐసీఎంఆర్ 2020లో చెప్పాయి. ఆపరేషన్ అయినవాళ్లకు 1.2 నుంచి 1.5 గ్రాములు కావాలంటారు. అరవై కిలోల మనిషికి అది 72 నుంచి 90 గ్రాములు. ఒక గుడ్డులో ఉండేది ఆరు గ్రాములు. చారన్నంతో ఆ లెక్క ఏ మూలకూ రాదు. మూత్రపిండాల జబ్బున్నవాళ్లు మాత్రం డాక్టరును అడిగి తినాలి.

పరామర్శకు బత్తాయిలు తీసుకెళ్లే అలవాటు మాత్రం శాస్త్రానికి సరిగ్గా సరిపోయింది. 1939–40లో జాన్ క్రాండన్ అనే అమెరికన్ సర్జన్ విటమిన్ సి లేని తిండి నెలల తరబడి తిని, తన వీపు మీద కోత పెట్టించుకొని చూశాడు. మూడు నెలల తర్వాత పెట్టిన కోత మామూలుగానే మానింది. ఆరు నెలల తర్వాతది చర్మం కింద అతుక్కోలేదు. విటమిన్ సి ఇచ్చాక పూడింది. బత్తాయి కంటే జామకాయలో ఆ విటమిన్ ఎన్నో రెట్లు ఎక్కువ, ధరా తక్కువే. షుగరున్నవాళ్లు రసం తాగకుండా పండు తినడం మేలు.

లేచి నడవడం

ఒకప్పుడు కోత పడితే పది పన్నెండు రోజులు మంచం దిగనిచ్చేవాళ్లు కారు. 1940లలో అమెరికాలో డేనియల్ లైట్‌హౌజర్ ఆ ఆచారాన్ని గట్టిగా ఎదిరించాడు. 1990లలో డెన్మార్క్ సర్జన్ హెన్రిక్ కెలెట్ దాన్ని పూర్తి పద్ధతిగా మలిచాడు: తక్కువ ఉపవాసం, మంచి నొప్పి నివారణ, అదే రోజు నోటికి ఆహారం, అదే రోజు నడక. కదలకుండా పడుకుంటే పిక్కల్లో రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తులకు చేరవచ్చు, ఊపిరి పైపైనే తీస్తే నిమోనియా పట్టవచ్చు. మూడు బంతుల గొట్టం ఇచ్చేది అందుకే. దాన్ని గాలి లోపలికి పీల్చడానికి ఇస్తారు, ఊదడానికి కాదు. దగ్గేటప్పుడు కోత మీద దిండు అదిమి పట్టుకుంటే నొప్పి తగ్గుతుంది. నొప్పి బిళ్ళ వేసుకోకుండా ఓర్చుకోవడం గొప్ప కాదు, నొప్పి ఉంటే నడవలేరు.

హమాలీలకు హెర్నియా ఆపరేషన్ అయితే ‘బరువులు మళ్లీ ఎప్పుడు?’ అన్నది కూలి ప్రశ్న. 2018 అంతర్జాతీయ మార్గదర్శకాలు ఓపిక వచ్చినప్పటి నుంచి, అంటే మూడు నుంచి ఐదు రోజుల్లోనే, మామూలు పనులు చేసుకోవచ్చంటాయి. మన సర్జన్లు చాలామంది బరువులకు నాలుగు నుంచి ఆరు వారాలు ఆగమంటారు. పండ్ల లారీ దించే మనిషి విషయంలో రెండో మాటే క్షేమం.

బాలింత

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లు. దేశ సగటు 21.5. అంటే ఈ రాష్ట్రంలో ఆపరేషన్ తర్వాత కోలుకునే ఆడవాళ్లలో ఎందరో బాలింతలే. చెవుల్లో దూది పెట్టినా నష్టం లేదు, కారప్పొడి అన్నం కూడా పర్వాలేదు. నీళ్లు తగ్గించడం మాత్రం హాని. పాలివ్వాలి, మలబద్ధకం రాకూడదు, ముక్కితే కుట్ల మీద ఒత్తిడి పడుతుంది.

ఇంటికొచ్చాక

2022 ఆగస్టు 25న ఇదే జిల్లాలోని ఇబ్రహీంపట్నంలో ఒక్కరోజే 34 మంది స్త్రీలకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. తర్వాతి రోజుల్లో ఇన్‌ఫెక్షన్‌తో నలుగురు చనిపోయారు. అరగంట కూడా పట్టని, చిన్నదని అందరూ అనుకునే ఆపరేషన్ అది. జ్వరం, చలి, తగ్గని వాంతులు, ఉబ్బిన కడుపు, రోజురోజుకూ పెరిగే నొప్పి, కోత చుట్టూ ఎరుపు, చీము, ఒక కాలి పిక్క వాపు, హఠాత్తుగా ఆయాసం, మూత్రం ఆగడం: వీటిలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లారేదాకా ఆగకూడదు, గ్యాస్ అనుకొని బిళ్ళ మింగి పడుకోకూడదు.

కుట్ల మీద పసుపు, కొబ్బరినూనె పెట్టకూడదు. సర్జన్ చెప్పినప్పుడే తడపాలి. డిశ్చార్జి కాగితం, బయాప్సీ రిపోర్టు ఫైలులో పెట్టి దాచండి. మళ్లీ ఎప్పుడైనా ఆపరేషన్ అవసరమైతే మత్తు డాక్టరు ముందుగా అడిగేది ఆ ఫైలే.