ఒక ప్రింటు, రెండు తెరలు



ఉప్పల్‌లో రూము తీసుకుని చదువుకునే మనవాళ్లకు పక్కనున్న నాచారం తెలిసిందే. ఎన్టీఆర్ కట్టిన రామకృష్ణ సినీ స్టూడియోస్ అక్కడిదే. ఆ సంస్థ 1977లో విడుదల చేసిన ‘దానవీరశూర కర్ణ’ మూడున్నర గంటలు దాటుతుంది. 35 ఎంఎం ఫిల్ము నిమిషానికి 90 అడుగులు నడుస్తుంది. అంటే ఆ ఒక్క సినిమాకే సుమారు ఆరు కిలోమీటర్ల ఫిల్ము!

అంత ప్రింటు తీయించాలంటే డబ్బు కావాలి. అందుకే ఒకే ప్రింటును రెండు హాళ్లు పంచుకునేవి. ఇక్కడ రీలు అయిపోగానే డబ్బా సైకిల్ మీద పక్క హాలుకు ఉరికేది.

అమెరికా మల్టీప్లెక్సుల్లో ఆ పని రోలర్లు చేశాయి. మొదటి ప్రొజెక్టర్ నుంచి వచ్చిన ఫిల్మును, బావి గిలక మీద తాడులాగ, గోడ వెంట రోలర్ల మీదుగా రెండోదానికి ఎక్కించేవారు. రెండు మోటార్లూ ఒకే వేగంతో తిరగాలి. మధ్యలో 30 అడుగుల ఫిల్ము ఉంటే రెండో తెర 20 సెకన్లు వెనక నడుస్తుంది. ఒకటి ఆగితే రెండోదీ ఆగాలి, లేకపోతే ఫిల్ము తెగుతుంది.

ఇప్పుడంతా డిజిటల్. డబ్బా లేదు, మోసే మనిషీ లేడు. మరి ఎవరి సినిమా అయినా తేలిగ్గా తెరకెక్కుతుందా?

అల్లాణి శ్రీధర్ తీసిన ‘కొమరం భీమ్’ 1990లోనే తయారైంది. థియేటర్లకు వచ్చింది 2010లో. ఇరవై ఏళ్లు! తెరకు తెరను కలపడానికి రోలర్లు చాలు. మన కథను తెరకు కలపాలంటే మాత్రం సినిమా తీసే దగ్గరా, పంచే దగ్గరా మనవాళ్లు ఉండాలి. సినిమా చదవాలనుకునే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! కెమెరాతో పాటు డిస్ట్రిబ్యూషన్ కూడా నేర్చుకోండి.