పిల్లి చెట్టు

పిల్లి చెట్టు లేదా క్యాట్ ట్రీ అనగా ఇంటిలోపలే పెరిగే పిల్లులు ఎక్కుటకు, గోళ్ళు గీరుకొనుటకు, ఎత్తున కూర్చొని విశ్రమించుటకు తయారుచేసే ఉపకరణము. నిలువు స్తంభములు, వాటిపై అంచెలంచెలుగా అమర్చిన పలకలు, బరువైన పీట దీనిలోని ముఖ్య భాగములు. కొన్నింటిలో గూడు, ఉయ్యాల, నిచ్చెన కూడా ఉంటాయి. చిన్న పరిమాణము గల పిల్లికి దీనిని ఎంపిక చేయునపుడు ఎత్తు కంటె స్థిరత్వము, పలకల మధ్య దూరము ముఖ్యమైనవి.

నేపథ్యము

పెంపుడు పిల్లికి పూర్వీకమైన ఆఫ్రికా అడవిపిల్లి చిన్న జీవులను వేటాడుతుంది. అదే సమయములో తనకంటె పెద్ద జంతువుల బారిన పడే ప్రమాదము కూడా దానికి ఉన్నది. అందువలన ఎత్తైన చోటు నుండి పరిసరములను గమనించుట, భయము కలిగినపుడు పైకి ఎక్కుట పిల్లుల సహజ ప్రవృత్తి. 1947లో అమెరికాలో ఎడ్వర్డ్ లోవ్ పిల్లుల మలమూత్ర విసర్జన పెట్టెలకు బంకమట్టి రేణువులను అమ్ముట ప్రారంభించిన తరువాత పిల్లులను పూర్తిగా ఇంటిలోపలే ఉంచుట సులభమైనది. అయితే బయట దొరికే చెట్లు, గోడలు అటువంటి పిల్లులకు దొరకవు. ఆ లోటును తీర్చుటకే పిల్లి చెట్టు ఉపయోగపడుతుంది.

పిల్లుల వైద్యులకు చెందిన అమెరికా, అంతర్జాతీయ సంఘములు 2013లో కలిసి వెలువరించిన మార్గదర్శకములలో పిల్లికి కావలసిన పరిసరములను ఐదు అంశములుగా పేర్కొన్నారు. వాటిలో మొదటిది సురక్షితమైన చోటు.

గోళ్ళు గీరుట

గీరుట వలన గోరుపై ఉన్న పాత పొర ఊడిపోతుంది, వెన్ను, కాళ్ళ కండరములు సాగుతాయి, పాదములలోని గ్రంథుల వాసన ఆ చోట అంటుకొంటుంది. కావున ఇది మాన్పించదగిన దురలవాటు కాదు. గీరుటకు తగిన చోటు లేనపుడు పిల్లులు సోఫాలను, పరదాలను గీరుతాయి. ఈ కారణముగా కొన్ని దేశములలో గోళ్ళు తీయించే శస్త్రచికిత్స వాడుకలోకి వచ్చినది. ఇందులో గోటితో పాటు ప్రతి వేలి చివరి ఎముకను కూడా తొలగిస్తారు. అమెరికాలో దీనిని నిషేధించిన మొదటి రాష్ట్రము న్యూయార్క్ (2019).

ఎంపికలో గమనించవలసిన అంశములు

స్థిరత్వము: చిన్న పిల్లి తేలికగా ఉన్నను, పరుగున వచ్చి దూకినపుడు చెట్టుపై పడే బలము దాని బరువుకు అనేక రెట్లు ఉంటుంది. పీట వెడల్పుగా, బరువుగా ఉండవలెను. పై పలకను చేతితో పక్కకు నెట్టినపుడు చెట్టు ఊగినచో దానిని గోడకు బిగించవలెను. ఒకసారి చెట్టు ఒరిగి భయపడిన పిల్లి మరల దానిని ఎక్కకపోవచ్చును.

పలకల మధ్య దూరము: పిల్లి గోళ్ళు వెనుకకు వంగి ఉండుట వలన ఎక్కుట సులభము, తలక్రిందుగా దిగుట కష్టము. దిగుటకు కూడా దగ్గర దగ్గరగా మెట్ల వంటి పలకలు ఉండవలెను. పిల్ల దశలో ఉన్నవాటికి, 2 నుండి 4 కిలోల బరువు మాత్రమే పెరిగే సింగపురా వంటి జాతులకు, పొట్టి కాళ్ళు గల మంచ్‌కిన్ జాతికి ఇది మరింత అవసరము.

స్తంభము: పిల్లి వెనుక కాళ్ళపై నిలబడి ఒళ్ళు పూర్తిగా చాచినపుడు ముందు కాళ్ళు అందే ఎత్తు కంటె స్తంభము పొడవుగా ఉండవలెను. పిల్లగా ఉన్నపుడు సరిపోయినది పెద్దయిన తరువాత చాలదు. స్తంభమునకు సాధారణముగా కిత్తనార తాడు చుడతారు. తాడు అరిగినపుడు ఆ భాగమును మాత్రమే మార్చుకొనవచ్చును.

పలక, గూడు: పలక పిల్లి ముడుచుకొని పడుకొనుటకు సరిపోవలెను. ఒకటి కంటె ఎక్కువ పిల్లులు ఉన్న ఇంటిలో రెండు ద్వారములు గల గూడు మంచిది. ఒకే ద్వారము ఉన్నచో లోపలి పిల్లిని మరొకటి అడ్డగించగలదు.

అమరిక, జాగ్రత్తలు

చెట్టును కిటికీ దగ్గర ఉంచినచో పిల్లికి కాలక్షేపము కలుగుతుంది. అయితే తెరిచిన కిటికీ ప్రమాదకరము. న్యూయార్క్‌లో ఎత్తైన భవనముల నుండి పడిన 132 పిల్లులపై జరిపిన అధ్యయనము 1987లో ప్రచురితమైనది. అటువంటి పిల్లులకు ఛాతీ, దవడ, కాళ్ళ గాయములు తరచుగా కలుగుతాయి. హైదరాబాదు, విశాఖపట్నము వంటి నగరముల అపార్టుమెంటులలో బాల్కనీలకు ఇనుప గ్రిల్ ఉన్నను, దాని కమ్మీల సందు నుండి చిన్న పిల్లి దూరిపోగలదు. పలుచని దోమతెరను పిల్లి చింపగలదు. గట్టి లోహపు వల బిగించిన తరువాతే కిటికీ దగ్గర చెట్టును ఉంచవలెను.

వేలాడే దారములు, ఊడిన పీచు మింగినచో ప్రేగులలో చిక్కుకొని ప్రాణాపాయము కలిగించును. వీటిని ఎప్పటికప్పుడు కత్తిరించవలెను. బిగింపు మరలను కూడా అప్పుడప్పుడు పరీక్షించవలెను.

వయసు మళ్ళిన పిల్లులు

12 సంవత్సరములు దాటిన 100 పిల్లుల ఎక్స్-రే చిత్రములను పరిశీలించి 2002లో ప్రచురించిన అధ్యయనములో 90 పిల్లులకు కీళ్ళ అరుగుదల కనిపించినది. పిల్లి పై పలకకు ఎక్కుట మానివేయుట సోమరితనము కాక కీళ్ళ నొప్పికి సూచన కావచ్చును. అట్టి పిల్లిని పశువైద్యునికి చూపించి, పలకలను తక్కువ ఎత్తులో అమర్చుట లేదా వాలుగా ఉన్న నిచ్చెనను చేర్చుట మంచిది.