ఆకలి కూడబెట్టిన పౌండ్లు

వలస పాలకులు ఖాళీ ఖజానాను అప్పగించి వెళ్లిపోయారన్న మాట మన రాజకీయ ప్రసంగాల్లో తరచుగా వినిపిస్తుంది. పేదరికం విషయంలో అది నిజమే. కానీ విదేశీ ఖాతా పరంగా చూస్తే 1947లో స్వతంత్ర భారతం రుణదాతగా జన్మించింది. అధికార బదిలీకి ఒక్క రోజు ముందు, ఆగస్టు 14న కుదిరిన ఒప్పందం ప్రకారం బ్రిటన్ చెల్లించవలసిన బాకీ 116 కోట్ల పౌండ్లు. నాటి మారకం లెక్కన అది సుమారు 1,547 కోట్ల రూపాయలు. దానికే స్టెర్లింగ్ నిల్వలు అని పేరు.

ఈ సొమ్ము వ్యాపార లాభం కాదు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటన్ ఇక్కడి నుంచి బట్ట, ధాన్యం, తోలు, ఉక్కు తీసుకుపోయింది. తన తరఫున పోరాడే సైన్యానికయ్యే ఖర్చునూ ఇక్కడే పెట్టించింది. అందుకు ప్రతిగా లండన్‌లో ఖాతా పుస్తకంలో పౌండ్లు జమ వేసింది. ఆ పౌండ్ల పూచీ మీద రిజర్వ్ బ్యాంకు ఇక్కడ రూపాయి నోట్లు అచ్చు వేసింది. యుద్ధం ముగిసేసరికి చలామణిలోని నోట్లు ఆరు రెట్లు దాటాయి. సరుకు తరిగి, నోటు పెరిగి, ధరలు కూలివాడికి అందకుండా పోయాయి. 1943 నాటి బెంగాల్ కరవుకు కారణాలు అనేకం. ఈ ద్రవ్యోల్బణం వాటిలో ఒకటి. ఆ కరవులో సుమారు 30 లక్షల మంది మరణించారని తరువాతి పరిశోధకుల అంచనా. కడుపు మాడ్చి బలవంతంగా చేయించిన పొదుపు ఇది. చేసినవారికి ఖాతా ఉన్న సంగతే తెలియదు.

బ్రిటన్‌లో ఈ బాకీని కొంతైనా ఎగవేయాలన్న వాదన బలంగా ఉండేది. దాన్ని నిలువరించడం భారత ప్రతినిధుల విజయమే. 1948 జులై ఒప్పందంలో ఆర్థికమంత్రి షణ్ముఖం చెట్టి కోతను అంగీకరించలేదు. అయితే బ్రిటిష్ సైన్యం వదిలి వెళ్లిన సామగ్రికి 10 కోట్ల పౌండ్లు, వలస అధికారుల పింఛన్లకు దాదాపు 16.8 కోట్ల పౌండ్లు ఈ నిల్వల నుంచే పోయాయి. పాకిస్తాన్ వాటా వేరుగా పంచవలసి వచ్చింది.

అదే నెలలో ప్రభుత్వం దిగుమతుల తలుపులు బార్లా తెరిచింది. ధరలు తగ్గించాలన్నది ఉద్దేశం. యుద్ధకాలమంతా సరుకులకు మొహం వాచిన మార్కెట్టు కనిపించినదల్లా తెప్పించుకుంది. ఒక్క ఏడాదిలోనే, బ్రిటన్ విడుదల చేయడానికి ఒప్పుకున్న దానికి మించి 8.1 కోట్ల పౌండ్లు ఖర్చయ్యాయి. 1949 మేలో ఆ సార్వత్రిక అనుమతిని రద్దు చేసేనాటికి జరగవలసింది జరిగిపోయింది. యంత్రాలకు దాచవలసిన పౌండ్లలో ఎంత భాగం విలాస వస్తువులకు కరిగిందో అప్పుడే నిలదీసి ఉండవలసింది. ఆ సెప్టెంబరులో పౌండు విలువను డాలరుతో పోలిస్తే 30.5 శాతం తగ్గించారు. రూపాయి కూడా దాన్నే అనుసరించింది. అమెరికా నుంచి గోధుమలు, యంత్రాలు కొనేందుకు మిగిలిన నిల్వల సత్తా ఆ మేరకు తరిగిపోయింది.

అయినా 1956 మార్చిలో, రెండవ ప్రణాళిక ముంగిట, రిజర్వ్ బ్యాంకు చేతిలో ఇంకా సుమారు 746 కోట్ల రూపాయల విదేశీ నిల్వలున్నాయి. అసలు అవివేకం ఇక్కడ మొదలైంది. ఐదేళ్లలో 200 కోట్లు వాడుకోవాలని ప్రణాళిక చెప్పింది; మొదటి సంవత్సరమే ఆ హద్దు దాటింది. భిలాయి, రూర్కెలా, దుర్గాపూర్ ఉక్కు కర్మాగారాలకు పెట్టిన ఖర్చును దుబారా అనడం అన్యాయం. సూయజ్ కాలువ మూసివేతతో పెరిగిన ఓడ కిరాయిలు, ఆహార దిగుమతులు, ఆయుధాల కొనుగోళ్లు కూడా భారమే. కానీ ప్రైవేటు సంస్థలకు దిగుమతి లైసెన్సులను ఉదారంగా ఇచ్చుకుంటూ పోయి, వాటి బిల్లులన్నీ ఒకేసారి వస్తే చెల్లించేది ఎక్కడి నుంచో ముందుగా కూడి చూడకపోవడానికి సాకు లేదు. ఇల్లు కట్టేవాడు సైతం మేస్త్రీకి ఇచ్చే బయానా ముందు చేతిలో ఉన్నదెంతో లెక్కపెట్టుకుంటాడు. ఇంత పెద్ద ప్రణాళికకు వనరులు చాలవని, లోటు ద్రవ్యం ప్రమాదకరమని ఆర్థికవేత్త బి.ఆర్. షెనాయ్ 1955లోనే అసమ్మతి పత్రం సమర్పించారు. నిపుణుల సంఘంలో ఆయనది ఒంటరి గొంతు. ఆయన సూచించిన మందులన్నిటితో ఏకీభవించనక్కరలేదు గాని, లెక్క మాత్రం ఆయనదే నిజమైంది.

నిల్వలు తరుగుతున్నప్పుడు ఖర్చును కాక చట్టాన్ని సవరించడం ఈ కథలో మరీ విడ్డూరమైన ఘట్టం. నోట్ల పూచీగా 400 కోట్ల రూపాయల విదేశీ నిల్వలు, 115 కోట్ల బంగారం ఉండాలని 1956లో నిబంధన పెట్టారు. మరుసటి ఏడాదికే అది ఇరుకై, బంగారంతో కలిపి మొత్తం 200 కోట్లు చాలునన్నారు.

1956 ఆగస్టులో అమెరికాతో మొదటి పి.ఎల్.-480 ఒప్పందం కుదిరి, రూపాయలకే గోధుమలు రావడం మొదలైంది. రెండేళ్లకు, 1958 ఆగస్టులో, భారత్‌ను గట్టెక్కించే మార్గం వెదకడానికి ప్రపంచ బ్యాంకు వాషింగ్టన్‌లో ఐదు దేశాలను సమావేశపరిచింది. అమెరికా, కెనడా, పశ్చిమ జర్మనీ, జపాన్ సరసన అప్పు ఇచ్చేవారి వరుసలో బ్రిటన్ కూడా కూర్చుంది. పదకొండేళ్ల క్రితం భారత్‌కు బాకీపడిన దేశం అదే.