కాల్క్యులస్ పక్కన హ్యుమానిటీస్ ఎందుకు?

క్విబెక్‌లో మన పిల్లలు పదకొండో తరగతి దాటగానే సెజెప్‌లో చేరతారు. మన ఇంటర్మీడియట్ లాగే విశ్వవిద్యాలయానికి ముందు రెండేళ్ల చదువు. సైన్సు వారికి కాల్క్యులస్ తప్పదు; అందుకు మనకు సంతోషమే. ఇంగ్లీషు సెజెప్‌లో మూడు హ్యుమానిటీస్ కోర్సులు కూడా తప్పవనగానే నొసలు చిట్లిస్తాం. ఎం.పి.సి. చదివి వచ్చిన మనకు అది కాలయాపనగా తోస్తుంది.

దీని వెనుక ఒక చరిత్ర ఉంది. 1960ల వరకు ఇక్కడి ఫ్రెంచివారికి ఉన్నత విద్యకు ముఖ్యమైన దారి చర్చి నడిపే క్లాసికల్ కళాశాలలే. లాటిన్, తత్త్వశాస్త్రం వాటికి ప్రాణం. 1961లో ఏర్పడిన పరాన్ కమిషన్ సిఫార్సుల ఫలితంగా 1967లో మొదటి పన్నెండు సెజెప్‌లు వెలిశాయి. ఇంగ్లీషువాటిలో మొదటిదైన డాసన్ 1969లో తెరిచారు. పాత కళాశాలలు పోయినా తత్త్వశాస్త్రం పోలేదు. ఫ్రెంచి సెజెప్‌లలో అదే పేరుతో నిలిచింది. ఇంగ్లీషు వాటిలో దాని స్థానం హ్యుమానిటీస్‌ది. నర్సు కాబోయేవారికీ, ఇంజనీరు కాబోయేవారికీ అది ఒక్కటే నియమం.

ఆ కోర్సులు తప్పితే డిప్లొమా రాదు. విశ్వవిద్యాలయాలు చూసే ఆర్-స్కోరులో ఆ మార్కులూ కలుస్తాయి. లెక్కల్లో దిట్ట అయిన పిల్లవాడు కూడా వ్యాసం దగ్గర తడబడి కోరిన సీటు పోగొట్టుకోవచ్చు.

ఇది మనకు మరీ కొత్తా? పదకొండవ శతాబ్దిలో పావులూరి మల్లన మహావీరాచార్యుని గణితాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. పిల్లలు వ్యాసం ముందు కూర్చున్న రాత్రి "ముందు లెక్కలు చూసుకో" అనకుండా, ఏం రాస్తున్నారో అడిగి విందాం.