దంపతులు మాత్రమే దరఖాస్తు చేసుకోవాలి

తెలుగులో సరైన ఆఫీసు కామెడీలు లేవని మా తరం వాళ్లం తరచూ అనుకుంటుంటాం. క్యూబికల్, మేనేజర్, అప్రైజల్ ఉంటేనే ఆఫీసు అయితే అది నిజమే. కానీ ఉద్యోగం కోసం మనిషి ఎంత పెద్ద అబద్ధానికైనా సిద్ధపడతాడన్నదే అసలు కామెడీ అనుకుంటే, అలాంటి సినిమా మనకి 1955 జనవరిలోనే వచ్చింది. అదే ‘మిస్సమ్మ’.

కథ అందరికీ తెలిసిందే. అయినా ఒకసారి కొత్త సినిమా కథలా వినండి. అప్పాపురం జమీందారు గోపాలం (ఎస్వీ రంగారావు) తప్పిపోయిన కూతురి పేరు మీద బడి నడుపుతుంటాడు. టీచర్లుగా డిగ్రీ చదివిన భార్యాభర్తలే కావాలంటాడు. నిరుద్యోగి ఎం.టి. రావు (ఎన్టీఆర్), డేవిడ్ బాకీతో సతమతమవుతున్న మేరీ (సావిత్రి) మొగుడూపెళ్లాలమని చెప్పి చేరిపోతారు. పెళ్లి కాలేదు, మతాలు వేరు, ఉండేది ఒకే ఇంట్లో. ఇవాళ ఓటీటీలో ఇదే లైను వస్తే ‘బోల్డ్’ అని ముద్ర వేస్తారు. ఆ రోజుల్లో ఇంటిల్లిపాదీ వెళ్లి నవ్వుకుని వచ్చారు. రవీంద్రనాథ్ మైత్ర రాసిన బెంగాలీ నాటకం నుంచి తీసుకున్న ఈ కథని చక్రపాణి ఎంత తెలుగు చేశాడంటే, అది అరువు కథంటే ఇప్పటికీ చాలామంది నమ్మరు.

మా ఊరు రఘునాథపల్లిలో డేట్ నైట్ అంటే డాబా మీద చాప, లాప్‌టాప్, దోమల బత్తి. మొన్నామధ్య ఒక శనివారం నేనూ మా ఆవిడా అలాగే ఈ సినిమా చూశాం. కాజీపేట వైపు వెళ్లే రైలు కూతకి డైలాగులు వినబడక రెండుసార్లు వెనక్కి జరుపుకున్నాం. మేరీ మొహం మాడ్చుకోవడం, రావు సర్దిచెప్పడం చూసి తను కళ్లనీళ్లొచ్చేలా నవ్వింది. ఆ వారమే ఒక ఇంటర్వ్యూలో తనని “పెళ్లయి రెండేళ్లయింది కదా, పిల్లల ప్లాన్ ఏంటి?” అని అడిగారు. మేరీ లేని పెళ్లిని చూపించి ఉద్యోగం తెచ్చుకుంది. ఇప్పటి అమ్మాయి ఉన్న పెళ్లిని దాచి తెచ్చుకోవాలి. అంతే తేడా.

జమీందారు షరతు వింతగా ఉంటుంది గానీ, ఆడవాళ్ల పెళ్లిని ఉద్యోగంతో ముడిపెట్టడం అప్పటికే ఉన్న పద్ధతి. ఇంగ్లండులో చాలాచోట్ల టీచరమ్మకి పెళ్లయితే ఉద్యోగం పోయేది. 1944 విద్యా చట్టం వచ్చాక గానీ ఆ నిషేధం తొలగలేదు. మన విదేశాంగ సర్వీసులో 1949లో చేరిన మొదటి మహిళ సి.బి. ముత్తమ్మ. అక్కడి అప్పటి నిబంధనల ప్రకారం మహిళా అధికారి పెళ్లికి ప్రభుత్వ అనుమతి కావాల్సి వచ్చేది, పెళ్లయ్యాక రాజీనామా కూడా అడిగే వీలుండేది. మగ అధికారికి ఆ బెడద ఉండేది కాదు. ఆమె కోర్టుకెక్కితే, 1979లో సుప్రీంకోర్టులో జస్టిస్ కృష్ణయ్యర్ ఈ వివక్షని గట్టిగా తప్పుబట్టారు. 1981లో ఎయిరిండియా ఎయిర్ హోస్టెస్‌ల కేసులో, మొదటి గర్భంతోనే ఉద్యోగం తీసేసే నిబంధనని అదే కోర్టు కొట్టేసింది. చేరిన నాలుగేళ్ల దాకా పెళ్లి చేసుకోకూడదన్న నిబంధనని మాత్రం ఉండనిచ్చింది.

సినిమా అయిపోయాక మా ఆవిడ అడిగిన ప్రశ్న ఇది: “మేరీ నిజంగానే మేరీ అయ్యుంటే, ఆయన ఉద్యోగంల ఉంచేటోడా?”

చివర్లో మేరీయే తప్పిపోయిన మహాలక్ష్మి అని తేలుతుంది కదా. అంతకుముందు నుంచే గోపాలం దంపతులు ఆమెని కూతురిలా చూసుకున్నారు, నిజమే. కానీ అబద్ధం బయటపడే సమయానికి ఆమె వాళ్లకి జీతగత్తె కాదు, వారసురాలు. సినిమా క్షమించింది ఇంటి కూతుర్ని. బతుకుతెరువు కోసం అబద్ధమాడిన మేరీ సంగతి తేలనే లేదు. ఆ అబద్ధం ఆడించిన షరతు జోలికి కథ అసలు వెళ్లదు.

దీనివల్ల ‘మిస్సమ్మ’ నాకేమీ చిన్నదైపోలేదు. అంత హాయిగా నవ్విస్తూ కూడా, అది దాటేసిన ప్రశ్న డెబ్బై ఏళ్లు దాటినా ఇంటర్వ్యూ గదుల్లో కూర్చునే ఉంది. మీరూ మీ జతగాళ్లతో కలిసి ఓసారి చూడండి. నవ్వడం అయ్యాక, ఉద్యోగం కోసం ఎవరెవరు ఏమేం దాచారో చెప్పుకోండి. ఆ లెక్కలో ఎవరి వాటా ఎక్కువో తేలిపోతుంది.