నేరం ఎవరి నెత్తురులో ఉన్నది?

పెంపుడు బిడ్డ దారి తప్పితే లోకం వాడి పుట్టుకను శంకిస్తుంది. ఈ శంకకొక చరిత్ర ఉన్నది. 1871 చట్టంతో బ్రిటిషు ప్రభుత్వం కొన్ని తెగలకు నేరస్థులని ముద్రవేసింది. 1897 సవరణతో వారి పిల్లలను తల్లిదండ్రులనుండి వేరుచేసే అధికారమూ పొందింది. చట్టం 1952లో రద్దయింది గాని, ఆ భావం రద్దు కాలేదు.

1984లో మెడ్నిక్ బృందం డెన్మార్కులో 14,427 దత్తతల పరిశీలనను ప్రకటించింది. కన్నవారికి శిక్షపడి, పెంచినవారికి పడని కుమారులలో నూటికి 20 మంది శిక్షపొందారు. ఇరువైపులా శిక్షలు లేనిచోట 13.5. తేడా ఉన్నమాట నిజమే. కాని మిగిలిన 80 మంది మాటేమిటి? పుట్టుకే తలరాత అయితే వారెట్లా తప్పించుకున్నారు?

1999–2001 మధ్య తెలంగాణ తండాల లంబాడీ ఆడశిశువులను దళారులు కొని దత్తత సంస్థలకు చేర్చిన వ్యవహారం బయటపడింది. అక్కడ నేరం శిశువు నెత్తురులో లేదు, ఆకలిని బేరం పెట్టిన వ్యవస్థలో ఉన్నది. తల్లిని ఎడబాసిన మనసులో వెలితి ఉండవచ్చు. దానికి కావలసింది ఆదరణ, తన పుట్టుక తెలుసుకునే హక్కు; అనుమానం కాదు.